ఉప్పు పడవలో టీచరమ్మ

వాకాడు హైస్కూల్లో సైన్సు చెప్పే ఎలిశబెతు టీచరుకు నవ్వు ఎక్కువ, భయం తక్కువ. అన్నం కుండ మీద మూత ఎగిరినా ఎందుకు ఎగిరిందో నలుగురికీ చెప్పందే ఊరుకునేది కాదు.

1962 వేసవిలో ఒక ఆదివారం, ప్రార్థన ముగించుకుని అక్క ఇంటికి పోదామని బకింగ్‌హాం కాలవలో సిలార్ నడిపే ఉప్పు పడవ ఎక్కింది. పడవ నిండా బస్తాలు. రేవుకు కాస్త ఎగువన సిలార్ పడవ ఆపి బీడీ వెలిగించుకుంటుండగా కేకలు వినిపించాయి. సరుగుడు కట్టెల పడవ ఒకటి తాడు తెంచుకుని, మనిషన్నవాడు లేకుండా గాలి తోపుకు దూసుకొస్తోంది. దిగువన కాలవ నడిమధ్యలో బల్లకట్టు. దాని మీద పెళ్ళివారు, ముసలివాళ్ళు, చంటిపిల్లలు.

 ఎలిశబెతు మరుక్షణమే లేచి నిలబడింది.

“సిలారన్నా, పడవను మధ్యకు తొయ్యి! ముక్కు దానికి ఎదురుగా పెట్టు, అడ్డంగా పెట్టబాక!”

“గుద్దుకుంటే మనం మునిగిపోమా టీచరమ్మా?”

“మనది ఉప్పు బరువు, అదేమో సగం ఖాళీ. గుద్దుకున్నాక విడిపోకుండా అతుక్కుంటే దాని ఊపు రెండూ పంచుకోవాల. బరువు పెరిగిన కొద్దీ నిదానమైపోద్ది. కొక్కెం తాడుందా?”

“ఉండాది. దాన్ని పట్టేది నేను చూసుకుంటా,” అంటూ సిలార్ ఒళ్ళంతా గెడ మీద వేసి తోశాడు.

దబ్బుమని మోగింది కాలవ, ఉప్పు పడవ ముక్కు దగ్గర చెక్క ఒకటి విరిగింది. టీచరు వెళ్ళి బస్తాల మధ్య పడింది. సిలార్ విసిరిన కొక్కెం కట్టెల పడవ అంచుకు తగులుకుంది. అంత వేగంగా వచ్చింది కాస్తా ఉప్పు పడవను వెనక్కి నెట్టుకుంటూ గేదె నడకలోకి దిగింది. సిలార్ గెడను బురదలో పాతి ఆనుకున్నాడు. బల్లకట్టు ఇంకా కాస్త దూరంలో ఉండగానే జంట పడవలు ఆగిపోయాయి.

“అంత వేగం ఎటు పొయ్యింది టీచరమ్మా?”

“ఆ ఊపు, అదే ద్రవ్యవేగం, గుద్దుకున్నప్పుడు ఎటూ పోలేదన్నా, రెండు పడవలూ పంచుకున్నాయి; మిగిలింది నీ గెడ బురదకిచ్చేసింది. పోయింది శక్తి. ఆ చప్పుడుకు కొంత, విరిగిన నీ చెక్కకు కొంత.”

“దానికి నా చెక్కే దొరికిందా!” అన్నాడు సిలార్. జడలోంచి ఉప్పు రాలుతుంటే ఎలిశబెతు పడీపడీ నవ్వింది.

పెళ్ళికూతురి తల్లి జమాల్‌బీ ఆమె చేతులు పట్టుకుని వదల్లేదు. ఇద్దరినీ పెళ్ళికి లాక్కుపోయి పక్కన కూర్చోబెట్టుకుని కొసరికొసరి తినిపించింది. పెళ్ళివారిలోని వడ్రంగి మర్నాడే పడవకు కొత్త చెక్క వేశాడు.

ఆ తర్వాత ప్రతి ఏడూ ఎస్సెల్సీ పిల్లలకు ఆ పాఠం కాలవ గట్టు మీదే. రెండు పడవలు మెల్లగా గుద్దుకుని కలిసి కదలగానే, పిల్లలకంటే గట్టిగా కేక వేసేవాడు సిలారే.