పటిక నీళ్లలో విరిగిన ట్యాప్

అక్క పోయిందని మొన్న సోమవారం ఆమె కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. కొండాపూర్‌లో వాళ్లింటికి చేరేసరికి అంతా అయిపోయింది. నేనెవరినని ఆమె కోడలు అడిగితే, "అమ్మతోని పని చేసిన సార్" అని అతనే చెప్పాడు. ఆ మాట పూర్తిగా నిజం కాదు. ఆమె పని చేసింది. నేను నేర్చుకున్నాను, అదీ ఒక తప్పు చేశాక. మీలో ఎవరికీ ఆమె తెలియదు కాబట్టి ఆ సంగతి చెబుతాను.

డెబ్బైల మొదట్లో డిప్లొమా పూర్తిచేసి, గుడివాడ నుంచి వచ్చి, సనత్‌నగర్‌లో ఒక చిన్న షెడ్డులో సూపర్‌వైజర్‌గా చేరాను. మూడు నెలల ప్రొబేషన్. మెషిన్ల మీద అందరూ మగవాళ్లే. చివరి బల్ల దగ్గర మాత్రం ఆమె ఉండేది. భర్త చెయ్యి ప్రెస్సులో పడి నలిగాక, యజమాని ఆమెను ఊడ్చే పనికి పెట్టుకున్నారట. పెళ్లికి ముందు అన్న గడియారాల దుకాణంలో కూర్చున్న మనిషి. చిన్న పనిముట్లు ఆమె చేతికి కొత్త కాదు. ఏడాది తిరిగేసరికి అల్యూమినియం పలకల్లో లోతైన రంధ్రాలకు బోల్టు బిగేలా మరలు కోసే పని ఆమెదైంది. షెడ్డంతా అక్కా అనే పిలిచేది.

మరలు కోసే ఉక్కు పనిముట్టును ట్యాప్ అంటారు. అల్యూమినియం మెత్తన. దాని పొట్టు ట్యాప్‌కు అంటుకుని లోపలే బిగుసుకుంటుంది. అక్క అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పేది. కొంచెం దిగగానే మొత్తం బయటికి తీసి, కుంచెతో పొట్టు దులిపి, కిరోసిన్ రాసి మళ్లీ దించేది. "బుక్కెడు బుక్కెడు తినిపియ్యాలె సార్" అనేది.

ఒక శనివారం మధ్యాహ్నం సరుకు కోసం లారీ వచ్చి నిలబడింది. చివరి పలకలో పదహారు రంధ్రాలకు పదిహేను అయ్యాయి. అక్క భోజనానికి లేచింది. నేను ఆగలేక ట్యాప్ హ్యాండిల్ పట్టుకున్నాను. సగందాకా బాగానే దిగింది. తర్వాత బరువెక్కింది. ఇంకాస్త బలం పెట్టాను. టక్కుమని ట్యాప్ విరిగి, ముక్క లోపలే ఉండిపోయింది.

అక్క తిరిగొచ్చి నా చేతిలోంచి హ్యాండిల్ తీసుకుంది. యజమాని వచ్చేసరికి బల్ల దగ్గర ఆమే ఉంది. ఆయన ఆమెనే తిట్టారు. సోమవారం నుంచి మళ్లీ చీపురు పట్టుకోమన్నారు. నేను పక్కనే నిలబడి నోరు మెదపలేదు. ఆ పలక లేకుండానే లారీ వెళ్లిపోయింది. నా పేరు ఎందుకు చెప్పలేదని తర్వాత ఆమెను అడిగాను.

"నేనైతే చెప్ప సార్. అది మీరు చెప్పేది," అంది.

గొంతులో కోపం లేదు. అందుకే ఎక్కువ సిగ్గేసింది.

సోమవారం ఆమె ఇంటినుంచి పటిక తెచ్చింది. ఎనామిల్ గిన్నెలో నీళ్లు పోసి, పటిక కలిపి, పలకను ముంచి స్టవ్ మీద పెట్టింది. గడియారాల్లో విరిగిన ఉక్కు మరమేకులను ఆమె అన్న ఇలాగే తీసేవాడట. పటిక ఉక్కును తింటుంది, అల్యూమినియం జోలికి పెద్దగా పోదు. ఊడుస్తూనే మధ్యమధ్య వచ్చి నీళ్లు మార్చేది. ముక్క మీద సన్నటి బుడగలు లేస్తుంటే చూస్తూ, చెప్పాల్సిన మాటను రెండు రోజులు వాయిదా వేశాను.

బుధవారానికి ఉక్కు నల్లటి మడ్డి అయింది. సూదితో కదిపితే ఊడివచ్చింది. అక్క కొత్త ట్యాప్‌తో మిగతా లోతు పూర్తిచేసింది. యజమాని బోల్టు వేళ్లతోనే తిప్పితే అడుగుదాకా దిగింది. ఆయన సంతోషించి, మళ్లీ బల్ల పని చూసుకోమని, ఇకమీద తొందరపడి విరగ్గొట్టవద్దని ఆమెకు చెప్పారు. అప్పుడు చెప్పాను, విరగ్గొట్టింది నేనని, శనివారమే చెప్పాల్సిందని.

ఆయన నా ప్రొబేషన్ ఇంకో మూడు నెలలు పొడిగించి లోపలికి వెళ్లిపోయారు. అక్క ఆ విషయం ఎత్తనే లేదు, ఆ రోజూ, ఆ తర్వాత ఆమె పక్కన పనిచేసిన తొమ్మిదేళ్లలోనూ. ఆ సాయంత్రం మాత్రం పనికిరాని పలక ఒకటి తెచ్చి బల్లకు బిగించి, నన్ను పిలిచి హ్యాండిల్ చేతికిచ్చింది. తన చెయ్యి నా మణికట్టు మీద ఆనించింది. నేను తిప్పుతూ పోయాను.

"బరువు తెల్సిందా? ఇగ ఆగుండ్రి," అంది.

ఆగాను. ఆమె వేళ్లు మాత్రం ఇంకాసేపు అక్కడే ఉన్నాయి, కిరోసిన్ తడితో చల్లగా.