బాబాయి సీసపు సైన్యం

మా బాబాయి గడియారాలు బాగుచేస్తాడు. కొట్టు వెనక గదిలో ఆయనకు ఇంకో లోకం ఉంది. ఒక పాత తలుపును బల్లల మీద పరిచి, నీలం రంగుతో నది, ఇసుకతో గట్టు చేశాడు. ఎప్పుడో రెండువేల ఏళ్ళ కిందటి యుద్ధం అది. ఒక రాజు వానలో నది దాటి వచ్చి, ఏనుగులున్న రాజును ఓడించాడట. ఆ యుద్ధాన్నే ఆదివారాల్లో బాబాయి, పక్క కొట్టు దర్జీ మామ మళ్ళీ చేస్తారు. పాచికలు వేసి, కొలబద్దతో కొలిచి బొమ్మల్ని జరుపుతారు. బాబాయిది ఎప్పుడూ ఓడిన రాజు పక్షమే. ఒక్కసారైనా ఆయన్ని గెలిపించాలని పట్టు.

బొమ్మలు కొన్నవి కావు. బాబాయే సీసం కరిగించి అచ్చుల్లో పోసినవి. తొమ్మిదిలో నా చదువు ఆగిపోయి వాళ్ళింటికి వచ్చాక, రంగులు వేసే పని నాకు అప్పగించాడు. ఎవరితోనూ మాట్లాడక్కర్లేని పని కనుక నాకు నచ్చింది. కుంచె మొనను నాలుక మీద తిప్పి సూదిలా చేయడం ఆయనే నేర్పాడు. ఆయనైతే ఈటె అతికించేటప్పుడు బొమ్మను పళ్ళ మధ్య పట్టుకునేవాడు.

“సైన్యాన్ని నువ్వే నమిలేస్తే నేనెవరితో పోరాడనోయ్?” అనేవాడు దర్జీ మామ.

“నీ మీదికి వదిలే ముందు ఉప్పు చూస్తున్నా బావా.”

వాళ్ళ ఆటకు ఒక నియమం ఉంది. చెయ్యి తగిలి బొమ్మ పడితే అది చచ్చినట్టే. మొన్న చలికాలం నుంచి బాబాయి బొమ్మలే పడసాగాయి. ముందు ఒక విలుకాడు. తర్వాత ఒక గుర్రం. బల్ల కాలు వంకరంటూ కింద చెక్కముక్క పెట్టాడు. ఆడలేక మద్దెల ఓడన్నాడట అని దర్జీ మామ వెక్కిరించాడు. నాకు నవ్వు రాలేదు. కొట్లో కూడా ఆయన చేతిలోంచి మరలు జారిపోవడం, చిన్న గడియారాలను “రేపు రండి” అని తిప్పి పంపడం చూస్తున్నాను. కడుపునొప్పని భోజనం మధ్యలో లేచిపోయేవాడు. అరగలేదేమో అనుకునేది పిన్ని.

ఆ ఆదివారం పాచికలు బాబాయి మాట విన్నాయి. ఎదుటి గుర్రాలు వెనుదిరిగాయి. పెద్ద ఏనుగును జానెడు ముందుకు జరిపితే గెలుపే. దాన్ని ఎత్తాడు. మణికట్టు వాలిపోయింది. ఏనుగు సొంత సైనికుల మీదే పడి, వరసంతా కూలింది.

దర్జీ మామ ఎగతాళికి నోరు తెరిచి, ఆగిపోయాడు.

“చెయ్యి చాపు.”

“తిమ్మిరిలే బావా. నువ్వు పాచికలు వెయ్యి.”

“ఆట తగలెయ్య! చాపమన్నానా?”

“కొట్లో కూడా ఇలాగే అవుతోంది,” అన్నాను. ఆ గదిలో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

బాబాయి నా వైపు చూశాడు. కోపంగా కాదు. రెండు చేతులూ చాపాడు. ఎడమది నిలిచింది. కుడిది మణికట్టు దగ్గర వేలాడింది. మెడ నరాలు ఉబ్బేలా బిగించినా లేవలేదు.

“మా తమ్ముడు బ్యాటరీలు చేసే చోట ఉండేవాడు,” అన్నాడు దర్జీ మామ మెల్లగా. “వాడికీ కడుపునొప్పితోనే మొదలైంది. తర్వాత చెయ్యి. సీసం ఒంట్లోకి పోయిందన్నారు.”

“తగ్గిందా అన్నయ్యా?” గుమ్మంలోంచి పిన్ని అడిగింది.

దర్జీ మామ బాబాయి భుజం పట్టుకున్నాడు. “ఆసుపత్రికి పోదాం, లే,” అన్నాడు.

బాబాయి లేవలేదు. నేను నిన్న పూర్తిచేసిన విలుకాళ్ళను చూస్తున్నాడు. వాళ్ళ కనుబొమ్మలు కూడా వెంట్రుకవాసి గీతల్లా దిద్దాను. తర్వాత ఆయన చూపు నా పెదాల మీదికి వచ్చింది.

“నువ్వూ చెయ్యి చాపు తల్లీ,” అన్నాడు.