చెల్లెలికి చోడిజావ

మొన్న మా మనవరాలు ఏడు నెలల కొడుకుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం నాకు చదివి వినిపించింది. తల్లిపాలు మానకూడదట, వాటితో పాటు మెత్తటి జావ, పప్పన్నం, అరటిపండు మొదలుపెట్టాలట. నేను నవ్వుతుంటే "ఎందుకమ్మమ్మా ఆ నవ్వు?" అని అడిగింది. నర్సీపట్నంలో నా తొమ్మిదో ఏట ఇదే సంగతి మా ఇంటికి పెరుగుకుండతో పాటు నడిచి వచ్చిందని చెబితే, కాగితం పక్కన పెట్టి వినడానికి కూర్చుంది.

మన్యం గొడవలు సద్దుమణిగి, ఊరి బయట పోలీసుల గుడారాలు ఎత్తేసిన మరుసటి ఏడాది అది. మా నాన్న బడిపంతులు, చిన్నాన్న తాలూకా కచేరీలో గుమాస్తా, ఇద్దరి మీదా పెత్తనం నాయనమ్మది. చిన్నాన్న భార్యకి, అంటే మా పిన్నికి, అప్పుడు పంతొమ్మిదేళ్ళు. తొలి కాన్పులో ఆడపిల్ల పుట్టింది. మూడో నెలలో చిన్నాన్న ఎవరో చెప్పగా విని, దొరల పిల్లలు తాగే పాలపొడి అంటూ తుని నుంచి ఒక డబ్బా తెప్పించాడు. దాని మీద బుగ్గలు పొంగిన పిల్లాడి బొమ్మ. అక్కడున్న ఇంగ్లీషు ముక్కలు ఆయన పైకి చదివి అర్థం చెబుతుంటే ఇంట్లో ఎవరికీ ఎదురాడే ధైర్యం ఉండేది కాదు. డబ్బా ఖాళీ అయితే మళ్ళీ తుని వెళ్ళే బండి దొరకాలి కదా, అందుకని చెంచాలు తగ్గాయి, నీళ్ళు పెరిగాయి. పిన్ని పాలివ్వడం తగ్గేకొద్దీ ఆమెకి పాలూ తగ్గాయి. పదో నెల వచ్చేసరికి బొమ్మలో పిల్లాడు అలాగే బొద్దుగా ఉన్నాడు గాని, మా చెల్లెలు భుజం మీద తడిగుడ్డలా వాలిపోయి ఉండేది. కూర్చోలేకపోయేది. ఏడవడానికీ ఓపిక లేదు. పడుకున్న పిల్ల ముక్కు దగ్గర పిన్ని వేలు పెట్టి ఊపిరి చూసుకోవడం నేను చాలాసార్లు చూశాను.

మాకు పెరుగు పోసే ఆవిడ కృష్ణదేవిపేట దారిలోని ఒక పల్లె నుంచి వచ్చేది. ఆవిడ చంకలోనూ ఒక ఆడపిల్ల, మా చెల్లెలు పుట్టిన నెలలోనే పుట్టింది. ఒకరోజు ఆ పిల్లని మా అరుగు మీద దింపితే అది నిటారుగా కూర్చుని, నాయనమ్మ కోసి పెట్టుకున్న ఆనపకాయ ముక్క అందుకుని నోట్లో పెట్టేసుకుంది. పిన్ని ఆ పిల్లనే చూస్తూ నిలబడిపోయింది. పెరుగావిడ అది గమనించి మెల్లగా అడిగింది.

"పాపకి ఏటి పెడతన్నారమ్మా?"

"డబ్బా పాలు."

"నీకు పాలు నేవా?"

"ఉండేవి. తగ్గిపోయాయి."

"బిడ్డ తాగితేనే వత్తాయమ్మా. డబ్బా అవతలెట్టి, అడిగినన్నిసార్లు రొమ్మియ్యి. అయినా పది నెల్ల పిల్లకి పాలొక్కటే సాలవు. నాను చోడిజావ పెడతన్నాను, మెత్తగా పిసికి పప్పన్నం పెడతన్నాను."

నాయనమ్మ కత్తిపీట ఆపింది. "పళ్ళు రాని పిల్లకి అన్నమేటి? ఆ చోళ్ళు మనింట్లో ఎవరు తిన్నారు?"

అత్తగారి ముందు గొంతు పెగలని పిన్ని ఆ రోజు మాట్లాడింది. "అత్తయ్యగారూ, నేనీ పిల్లని ఇలా చూడలేనండి. ఒక్క నెల నాకు వదిలెయ్యండి." మాట పూర్తవుతూనే ఏడ్చేసింది. నాయనమ్మ మళ్ళీ కత్తిపీట ముందుకి జరిగింది. చోళ్ళు మాత్రం వంటింట్లోకి రాకూడదంది.

దాంతో పెరట్లో మూడు రాళ్ళు పెట్టి పొయ్యి చేశాం. పెరుగావిడ తెచ్చిన చోళ్ళు, అంటే రాగులు, నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి, పిన్నీ నేనూ తిరగలి తిప్పాం. పాలడబ్బా అటకెక్కింది. పొద్దున్నే ముందు రొమ్ము, తరువాత జావ. మొదటి చెంచా చెల్లెలు కచేరీకి బయలుదేరుతున్న చిన్నాన్న కోటు మీదే ఉమ్మింది. ఆయన ఆ మరకతోనే ఆఫీసుకి వెళ్ళాడు పాపం. నాలుగో రోజు మింగింది. వారం దాటాక పిన్నికి మళ్ళీ పాలు పడ్డాయి. జాకెట్టు తడిసిందని ఆవిడ సిగ్గుపడుతూనే నవ్వడం నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. పదిహేనో రోజు జావ ఆలస్యమైందని చెల్లెలు ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. ఆ ఏడుపు వినడానికి మా నాన్న పుస్తకం మూసి మరీ వచ్చాడు.

ఒక మధ్యాహ్నం నేను పెరట్లోకి వెళ్ళేసరికి నాయనమ్మ పొయ్యి ముందు గొంతుకూర్చుని, జావలో బెల్లం కలిపి నెయ్యి వేస్తోంది. నన్ను చూసి, "నెయ్యి నేకపోతే పిల్లకి ఒళ్ళెలా వస్తాదే? మీ పిన్నితో సెప్పకు," అంది. నేను చెప్పాను. పిన్నికి అప్పటికే తెలుసు, నేతిగిన్నె తేలికైపోతోందని. మరునాడు పొయ్యి దానంతటదే వంటింట్లోకి వచ్చింది. పెరుగావిడకి అరుగు మీద చాప పడింది. నెల తిరిగేసరికి నాయనమ్మ వీధిలో ఏడెనిమిది నెలల పిల్లల్ని ఎత్తుకున్న తల్లులని ఆపి, "ఏటి, పిల్లకి ఇంకా సగ్గుబియ్యం నీళ్ళేనా?" అని గదమాయించడం మొదలుపెట్టింది, ఈ విద్యంతా తన పుట్టింటి నుంచి తెచ్చుకున్నట్టు. ఆవిడ మాటకి భయపడి వచ్చిన తల్లులకి పిన్ని నెమ్మదిగా చేసి చూపించేది. మా వీధిలో రెండు మూడు ఇళ్ళల్లో పిల్లలు కోలుకున్నారు.

ఏడాదిన్నర నిండుతుండగా మా చెల్లెలు గోడ వదిలి, నాలుగడుగులు వేసి, పిన్ని ఒళ్ళో పడింది. పిన్ని లేవలేదు, పిల్లని వదలనూ లేదు. పొయ్యి మీద అన్నం మాడిపోయింది, అందరం మాడిన అన్నమే తిన్నాం. అంతవరకూ మా ఇంట్లో రోజులు చెంచా చెంచాగా గడిచాయి. ఆ తరువాతి అరవై ఏళ్ళు ఎప్పుడు వెళ్ళిపోయాయో ఎవరమూ చూసుకోలేదు.