వీధి మధ్య గీత

కొవ్వూరులో ఎక్కిన బస్సులో, ఒక చేనేత ఊరికి నేను గీసిన ప్లాను ఒళ్లో పరచుకుని చూసుకుంటున్నాను. టౌన్ ప్లానింగులో అది నా మొదటి పని. పక్క సీట్లోని పెద్దావిడ వంగి చూశారు.

"ఇది మా వీధేనండీ! మధ్యలో ఈ గీతేంటండీ?"

"డివైడరండి. మొక్కలు కూడా వేస్తాం," అన్నాను గొప్పగా.

"మరి పడుగెక్కడ చాపుకోవాలండీ? పొద్దున్నే వీధి పొడవునా నూలు చాపి గంజి పెడితేనే కదండీ మాకు మగ్గం ఆడేది!"

ఆ వీధిని నేను మధ్యాహ్నాలే చూశాను.

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. వీధి నిండా తెల్లటి నూలు, దానికి అటూ ఇటూ అన్ని ఇళ్లవాళ్లూ. ఆఫీసులో నానా తంటాలూ పడి ఆ గీత తీయించాను.

ఇప్పటికీ ఏ ఊరి ప్లాను మొదలుపెట్టినా, ముందు తెల్లవారగానే వెళ్లి అక్కడి వీధులన్నీ తిరుగుతాను. నేను పేరైనా అడగని ఆవిడ చలవే అది.