దిగిన మృగం ఒక వంతు ఆగాలి

ఇరవయ్యేళ్ళకు పైగా ఒకే ఒక్క వాక్యాన్ని మోస్తున్నాను. ఇంగ్లీషు వాక్యం. చిన్నది. దాన్ని చదివాను. అర్థమైంది. అర్థం కానట్టు ఊరుకున్నాను. మా ఆవిడకి తెలియదు. మా అమ్మకి చెబితే "ఆటలో తప్పేవిట్రా, నీ మొహం" అని కొట్టిపారేస్తుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు, అందుకని మీకైతే చెప్పగలననిపించింది.

ముందే ఒక మాట. ఇందులో నేను గొప్పలు పోతాను. ఆపుకుందామని చూశాను, నా వల్ల కాలేదు. తప్పు చేసిన వాణ్ణీ నేనే, ఆ ఆటలో అంత గొప్ప కార్డుల కట్ట కట్టిన వాణ్ణీ నేనే. ఒకణ్ణి దాచి ఇంకొకణ్ణి చూపించడం కూడా అబద్ధమే కదా?

మాది కొత్తపేట దగ్గర పల్లె. నాకూ సత్తిబాబుకీ అప్పుడు పదహారేళ్ళు. (పేరు మార్చాను.) ఇద్దరిదీ ఒకే వీధి. నేను రోజూ బస్సెక్కి అమలాపురం వెళ్ళి ఇంగ్లీషు మీడియం చదివేవాణ్ణి. వాడు ఊళ్ళోనే తెలుగు మీడియం. వాళ్ళ అన్నయ్య రాంబాబు మస్కట్‌లో ఏసీ మెకానిక్కు. మా పదో తరగతి పరీక్షలయిన వారానికి, ఊరొస్తున్న ఎవరి చేతో ఒక అట్టపెట్టె పంపించాడు. సబ్బులు, సెంటు సీసా, టార్చిలైటు, వాటి మధ్యన మూడొందల కార్డులున్న ఒక రేకు డబ్బా.

అందులో కొన్ని శక్తి కార్డులు, కొన్ని మంత్రాల కార్డులు, మిగతా ఒక్కో కార్డు మీద ఒక్కో మృగం. మూడు కళ్ళ తోడేలు, కందిరీగల దండు, ఇనప దంతాల ఏనుగు, గోడంత తాబేలు. ఆట చెబుతాను, కష్టమేం కాదు. మూడొందల్లోంచి నలభై ఏరుకుని ఎవరి కట్ట వాళ్ళు కట్టుకోవాలి. ఒక్కొక్కరికి ఇరవై ప్రాణాలు. వంతుకి ఒక శక్తి కార్డు పరుచుకోవచ్చు, పరిచినవి ఆటంతా పనికొస్తాయి. చిన్న మృగం దిగడానికి ఒక శక్తి చాలు, ఏనుగుకి ఆరు కావాలి. మృగాలతో కొట్టి ఎదటివాడి ప్రాణాలు ముందు ఎవరు తీస్తే వాళ్ళు గెలిచినట్టు.

నేర్పింది నేనే. డబ్బాలో మడతలు పెట్టిన కాగితం ఒకటుంది. ఒక వైపు అరబ్బీ, రెండో వైపు చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాలు. బొమ్మలు చూసి, పైపైన చదివి, తెలియని చోటల్లా మాకు తెలిసిన దాంతో పూడ్చేశాను. మాకు తెలిసిందేవిటి? కోడిపందెం. అందుకే మృగాన్ని 'బరిలో దింపడం' అనేవాళ్ళం. బరిలో దింపిన కోడి ఆగుతుందా? కాలు నేలకి తగలకముందే ఎగిరి తంతుంది. మా మృగాలూ అంతే, దిగిన వంతులోనే కొట్టేవి. ఎవరికీ అనుమానం రాలేదు. అప్పటికి నాకూ రాలేదు, ఒట్టు.

ఇక నా కట్ట సంగతి. వీధిలో ఆడే అందరూ పెద్ద మృగాల వెనకే పడ్డారు. ఏనుగు దిగితే చాలు, అదే చూసుకుంటుందని వాళ్ళ ధీమా. నేను తిరగేసి ఆలోచించాను. ఏనుగు ఆరో వంతుకి గానీ రాదు. ఆ లోపల ఐదు వంతులు ఖాళీగా ఉన్నాయి కదా? ఆ ఐదింట్లోనే ఆట ముగించేస్తే? మంత్రాల కార్డులు తీసేశాను. రెండు కంటే ఎక్కువ శక్తి అడిగే మృగాలన్నీ తీసేశాను. నాకు ఒక సింహం అంటే ప్రాణం, జూలులోంచి మంటలొస్తుంటాయి, ఐదు శక్తులు. దాన్ని తీసేసిన రోజు అన్నం సయించలేదు. చివరికి పదహారు శక్తులు, ఇరవై నాలుగు మృగాలు మిగిలాయి. అన్నీ చిన్నవే, అన్నీ కరిచేవే. శక్తులు పదిహేను చాలా, పదిహేడు కావాలా అని మధ్యాహ్నాలు ఒక్కణ్ణే కూర్చుని, ఆట మొదట్లో చేతికొచ్చే ఏడేసి ముక్కలు పంచుకుంటూ, రెండో వంతుకి ఎన్ని మృగాలు దిగుతున్నాయో నోటుపుస్తకం వెనక గీతలు గీసుకునేవాణ్ణి. ఇప్పటి పిల్లలు కంప్యూటర్లలో ఇలాంటి కట్టలు కట్టి వాటికేవేవో పేర్లు పెట్టుకుంటున్నారు. నేను సత్తిబాబు వాళ్ళ కొబ్బరికాయల కొట్లో, గోనెసంచి మీద కూర్చుని, ఎవరూ చెప్పకుండా కనిపెట్టాను. పదహారేళ్ళకి! ఆ తరవాత నా బతుకులో అంత చక్కగా కుదిరిన పని ఇంకొకటి లేదు.

వీధిలో ఒక్కడు కూడా నా ముందు నిలవలేదు. సత్తిబాబు ఒక్కడే అప్పుడప్పుడు నిలిచేవాడు. వాడిది నిదానం కట్ట. మూడు శక్తుల తాబేలుని అడ్డం పెట్టి, కాచుకుని, కాచుకుని, ఏనుగు దింపేవాడు. నేను వేసిన ముక్కలన్నీ గుర్తుపెట్టుకుని, నా చేతిలో మిగిలినవేవిటో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. ఫలితాలొస్తే వాడికే లెక్కలు పోయాయి! ఇప్పటికీ నాకు నమ్మబుద్ధి కాదు.

ఆ నెలాఖరుకి రాంబాబు సెలవు మీద వస్తున్నాడు. సత్తిబాబుకి మళ్ళీ లెక్కల పరీక్ష రాసి పాలిటెక్నిక్‌కి వెళ్ళాలని ఉంది. అన్నయ్యకేమో వీణ్ణి మస్కట్ తీసుకుపోవాలని. వస్తే మీ ఇద్దరి ఆట చూస్తానని ఫోన్‌లో అన్నాడట. సత్తిబాబు ఆ మాట పట్టుకున్నాడు. అన్నయ్య చూస్తుండగా ఒక్కసారి నన్ను గెలిస్తే, తనకీ బుర్ర ఉందని నమ్ముతాడు, అప్పుడు చదువు సంగతి అడగొచ్చు. అదీ వాడి ఆశ. ఆ ఆశ వాడు ఎవరికి చెప్పుకున్నాడంటారు? నాకే.

అన్నయ్య ఇంకో నాలుగు రోజుల్లో వస్తాడనగా, నా కట్టకి ఇంకేమైనా పదును పెట్టొచ్చేమోనని ఆ కాగితం మొదటిసారి పూర్తిగా చదివాను. అక్షరం అక్షరం. మడత మీద అరిగిపోయిన చోట ఉంది ఆ వాక్యం. దిగిన మృగం ఆ వంతులో కొట్టకూడదు. వచ్చే వంతు దాకా ఆగాలి.

నా కట్టకి ఉన్న ఊపంతా అదే కదా! చిన్నవి దిగీ దిగగానే కరవడం. అవి ఒక్క వంతు ఆగితే వాడి తాబేలు సమయానికి వచ్చి కూర్చుంటుంది. రేపు చెబుదాం అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? అనుకున్నాననే గుర్తు. కానీ మనిషి తన గురించి గుర్తుపెట్టుకునేవన్నీ నిజాలే అవుతాయా?

తెల్లారగానే వాడే వచ్చాడు. చేతిలో గుర్రం కార్డు. ఆ కొట్లోనే, కాయల రాశి పక్కన.

"ఒరేయ్, దీని మీద ఏం రాసుందో ఓసారి చదివి పెట్టు."

"దిగిన వంతులోనే కొట్టొచ్చని రాసుంది. ఏం?"

"నేనూ కూడబలుక్కుని అలాగే అనుకున్నాన్లే. మరన్నీ దిగిన వెంటనే కొట్టేవే అయితే, దీని మీద మాత్రం ప్రత్యేకంగా ఎందుకు రాసేడంటావ్?"

వాడు తల గోక్కున్నాడు.

"నాకేం అనిపిస్తుందంటే, మిగతావి ఆగాలేమోరా. నువ్వా కాగితం పూర్తిగా చదివేవా?"

"చదివేను. అలాంటిదేం లేదు."

"సరిగ్గా చూసేవా?"

"బరిలో దింపిన కోడి ఆగుతుందేంట్రా? ఇంగ్లీషు నాకొచ్చా, నీకొచ్చా? లేనిపోని ఆలోచనలన్నీ పెట్టుకుంటావ్, అందుకే నీకు లెక్కలు పోయేయి."

వాడు నవ్వేశాడు. "అంతేనంటావా? సర్లే, నువ్వు చదివేవు కదా," అని గుర్రాన్ని జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇంగ్లీషు సగం రానివాడు, కాగితం చదవకుండా, ఒకే ఒక్క కార్డు చూసి మొత్తం నియమాన్ని పట్టేశాడు. నేను రెండు నెలలు ఆ కాగితం దగ్గర పెట్టుకుని పట్టలేకపోయింది. అంత తెలివి చూసి కుళ్ళుకున్నానా? భయపడ్డానా? రెండూనేమో. అబద్ధం ఆడి ఊరుకోవచ్చు కదా, లెక్కల మాట ఎందుకు ఎత్తాలి?

రాంబాబు వచ్చాడు. ఆట పెట్టాం. వీధి వీధంతా చుట్టూ చేరింది. నా కట్ట ఆ రోజు ఆడినట్టు మళ్ళీ ఎప్పుడూ ఆడలేదు. మొదటి వంతులో ముంగిస, రెండో వంతులో తోడేళ్ళు, మూడో వంతులో కందిరీగలు, దిగినవి దిగినట్టు కరిచేశాయి. వాడు తాబేలుని దింపేసరికే సగం ప్రాణాలు పోయాయి. ఐదో వంతుకి ఆట అయిపోయింది. రెండోసారీ అంతే. నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను. మీ దగ్గర దాపరికం ఎందుకు, నా మనసులో ఆ క్షణాన ఆ వాక్యం లేనే లేదు.

రాంబాబు నా భుజం తట్టి "బలే కట్టేవురా" అన్నాడు. తమ్ముడి వైపు తిరిగి, "నీ ఏనుగు చేతిలోనే ఉండిపోయింది కదరా సత్తీ!" అని నవ్వాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ ఆట వల్లే వాడి చదువు ఆగిపోయిందని అనను. రాంబాబు ముందే అనుకుని వచ్చాడేమో. కానీ వారం తిరక్కుండా వాళ్ళింట్లో ఆ మాట వచ్చినప్పుడు, "నాకు చదువెక్కదులే అన్నయ్యా" అని వాడే అన్నాడట. అడుగుదామనుకున్నవాడే ఆ మాట అన్నాడు. పాస్‌పోర్టు ఫొటోలకి అమలాపురం వెళ్ళినప్పుడు వాడికి తోడు వెళ్ళింది కూడా నేనే. వయసు నిండాక మస్కట్ వెళ్ళిపోయాడు. వెళ్తూ ఆ రేకు డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టాడు, నీకైతే పనికొస్తాయని.

కిందటేడు అటక మీంచి ఆ డబ్బా దింపాను. గుర్తున్నంతలో రెండు కట్టలూ మళ్ళీ కట్టి, ఈసారి అసలు నియమంతో, రెండు చేతులూ నేనే అయి పది ఆటలు ఆడాను. ఆరు నా కట్టే గెలిచింది. చూశారా, మళ్ళీ గొప్ప! కానీ ఒక్కటీ ఐదు వంతుల్లో అవలేదు. పదేసి, పన్నెండేసి వంతులు నడిచాయి. పది ఆటల్లోనూ ఏనుగు దిగింది. అంటే ఆ రోజు వాడు ఓడిపోయినా, అన్నయ్య కళ్ళ ముందు పది వంతులు ఆలోచించి, నా చేతిలో ఏముందో చెప్పి, చివరిదాకా నిలబడి ఓడిపోయేవాడు. నేను వాడి గెలుపుని కాదు, అసలు ఆటనే లాగేసుకున్నాను. నా కట్ట మీద నాకు నిజంగా నమ్మకం ఉంటే ఆ వాక్యం పైకి చదివి ఉండేవాణ్ణి. అంత గొప్ప కట్టకి నేనే అవమానం చేశాను.

మొన్న సెలవుల్లో వాడు మా ఇంటికొచ్చాడు. తొమ్మిదో తరగతి కూతుర్ని వెంటబెట్టుకుని. "ఈ మావయ్యని అడగవే లెక్కలు. చిన్నప్పట్నించీ ఈయన బుర్రే బుర్ర, మీ నాన్నది మట్టిబుర్ర," అన్నాడు. ఆ పిల్ల నవ్వింది. మా ఆవిడ కాఫీ తెచ్చింది. నేను కాఫీ తీసుకున్నాను. చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఇంకెప్పుడొస్తుంది? చెప్పలేదు. ఆ అమ్మాయికి రెండు లెక్కలు చెప్పి పంపించాను.

మట్టిబుర్ర కాదు. వాడి ప్రశ్న సరైనది. జవాబు నాకు ముందురోజు నించీ తెలుసు. తెలిసే లేదన్నాను. ఇది కాగితం మీద పెట్టాక ఊపిరి కాస్త తిన్నగా ఆడుతోంది. వాడు మాత్రం మస్కట్‌లో ఇప్పటికీ తనది మట్టిబుర్రే అనుకుంటున్నాడు.