అడుగున ముల్లు ఏమంటుంది

తాళం తిప్పగానే వేడెక్కిన పాత రబ్బరు వాసన, బట్ట సీట్లలో ఇంకిన దుమ్ము వాసన కలిసి వస్తాయి. పెట్రోలు మీటరు ముల్లు మాత్రం వెంటనే లేవదు. అడిగిన దానికి ఆలోచించి జవాబు చెప్పే మనిషిలా నెమ్మదిగా పైకి వస్తుంది. ఆ కొద్ది క్షణాలూ ఈనాటికీ కళ్ళు దాని మీదే ఉంచుతాను. ముల్లు నిలిచాక, ట్యాంకులో ఎన్ని లీటర్లున్నాయో పైకే చెప్పుకుంటాను. ఆ అలవాటు చేసినవారు శేషగిరి గారు.

రాయపూర్ దగ్గరి సిల్తారాలో, ఉక్కుకు ముడిసరుకైన స్పాంజ్ ఐరన్ తయారుచేసే ఒక కర్మాగారంలో ఆయన పరికరాల విభాగానికి అధికారి. నేను ఆయన కింద పనిచేసేవాణ్ణి. కొలిమి వేడిని చూపే మీటర్లు నిజం చెబుతున్నాయో లేదో సరిచూడడం మా పని. ఆయనది విజయనగరం వైపు. రైల్వే ఉద్యోగి అయిన తండ్రితో చిన్నతనంలోనే రాయపూర్ వచ్చేసినా మాటలో ఆ యాస పోలేదు. ఎవరైనా "బాగుంది సార్" అంటే, "ఎంత బాగుందేటి?" అని అడిగేవారు. అంకె తప్ప మరేదీ నమ్మని నాకు అంతకంటే మంచి అధికారి ఎక్కడ దొరుకుతాడు?

ఆయన పదవీ విరమణ చేసి దేవేంద్ర నగర్‌లో ఉంటున్న రోజుల్లో భార్య పార్వతమ్మ గారికి తుంటి ఎముక విరిగింది. శస్త్రచికిత్స జరిగినా కాలు సరిగా ముడుచుకోలేదు. ఇప్పటి కార్లలోకి ఒంగి దూరడం ఆమెకు సాధ్యం కాలేదు. శేషగిరి గారి తండ్రి కొన్న పాత కారు ఒక్కటే, దాని వెడల్పు తలుపు వల్ల, కుర్చీ అంత ఎత్తున్న సీటు వల్ల, ఆమెను నొప్పి లేకుండా కూర్చోనిచ్చేది. వారం వారం టాటీబంధ్ కూడలి అవతలి ఆసుపత్రిలో వ్యాయామ చికిత్స. శేషగిరి గారి చూపు అప్పటికే మసకబారింది కనుక బండి నడిపే బాధ్యత నాకు అప్పగించారు.

ఆ కారు ఆరు వోల్టులది. అలాంటి బ్యాటరీ దొరకడం గగనమైంది; రద్దీ మధ్యలో ఇంజను ఆగితే మళ్ళీ తిరిగేది కాదు. అందుకని ఇద్దరం కూర్చుని పన్నెండు వోల్టులకు మార్చాం. బ్యాటరీ, డైనమో, బల్బులు అన్నీ మారాయి. చిక్కల్లా పెట్రోలు మీటరుతోనే. దాని లోపలి సన్నని తీగచుట్ట ఆరు వోల్టుల కోసం చేసినది. పన్నెండు తగిలితే మాడిపోతుంది. మాడితే అలాంటిది మరొకటి లేదు. శేషగిరి గారు లెక్కకట్టి, ఎక్కువైన వోల్టులను ఆపే ఒక రెసిస్టరు ఎంచారు. ట్యాంకు నిండా పెట్రోలు పోసి చూస్తే ముల్లు నిండు గీత మీద నిలిచింది, వెంట్రుక వాసి తేడా లేదు.

"సరిగ్గా ఉంది సార్. రేపు అమ్మగారిని తీసుకెళ్తాను" అన్నాను.

ఆయన భూతద్దం పెట్టి మీటరు మీదికి వంగారు. "పైన బాగానే ఉంది. కింద చూసావేటయ్యా?"

"పైన సరిపోయింది కదా సార్."

"కొలిమి మీటరు ఒక్కచోటే చూసి సంతకం పెడతానంటే ఊరుకున్నానేటి నేను?"

గుమ్మంలో కర్ర ఆనించుకుని నిలబడ్డ పార్వతమ్మ గారు అందుకున్నారు: "నన్ను ఆస్పత్రికి తీసుకెళ్తారా, ఆ ముల్లుకి పెళ్ళి చేస్తారా?"

నింపిన పెట్రోలంతా మళ్ళీ క్యాన్లలోకి దించి, వాటిని గేటు అవతల పెట్టాం. ట్యాంకు పొడిగా ఉంది. తాళం తిప్పాను. ముల్లు లేచింది, తాపీగా పావు గీత దాకా వచ్చి అక్కడే నిలిచింది.

శేషగిరి గారు నవ్వారు. "మన ప్రొడక్షన్ మేనేజరు లాంటిదయ్యా ఇది. గోడౌను ఖాళీ అయిపోయినా సరుకుందనే అంటాది." తర్వాత గొంతు తగ్గించి, "రెసిస్టరు ఎంచింది నేనే. దీన్ని నమ్మి నువ్వు బయల్దేరతావు. నడిరోడ్డు మీద బండాగిపోతే ఆవిణ్ణి ఏ బండిలోకి ఎక్కిస్తావు?" అన్నారు.

తరచి చూస్తే కారణం చిన్నదే. పెట్రోలు తగ్గేకొద్దీ మీటరులో ప్రవహించే కరెంటు తగ్గుతుంది. కరెంటు తగ్గితే రెసిస్టరు ఆపే వోల్టులూ తగ్గుతాయి. ఆ మిగులు మీటరుకు చేరి ముల్లును ఉన్నచోటు కంటే పైకి నెడుతుంది. మరునాటి ప్రయాణం మానుకున్నాం. ఎంత కరెంటు పారినా ఆరు వోల్టులే ఇచ్చే చిన్న రెగ్యులేటరు తెచ్చి బిగించాం. ఈసారి ఖాళీ ట్యాంకుతో మొదలుపెట్టి, లీటరు చొప్పున పోస్తూ, ప్రతి లీటరుకూ ముల్లు ఎక్కడ నిలుస్తుందో ఆయన భూతద్దంతో చూశారు, నన్నూ చూడమన్నారు.

ఆ చలికాలంలోనే ఆయన పోయారు. పార్వతమ్మ గారి చికిత్స మాత్రం ఆగలేదు. ఒకసారి లారీల సమ్మె వచ్చి బంకులన్నీ ఎండిపోయాయి. సమ్మె ముగిసిన రోజు మేము ఆసుపత్రి నుంచి తిరిగి వస్తున్నాం. అన్నాళ్ళూ ఆగిన లారీలు ఒక్కసారిగా టాటీబంధ్ కూడలిలోకి వచ్చిపడ్డాయి. ముందుకూ వెనక్కూ దారి లేదు. ముల్లు అడుగు గీతకు కాస్త పైన ఉంది. ఇంజను ఆపి, కదిలించి, మళ్ళీ ఆపుతూ ఉన్నాను. చొక్కా వీపుకు అంటుకుపోయింది.

వెనక సీట్లోంచి ఆమె అడిగారు: "మీ సారుంటే ఆయన్నే అడిగేదాన్ని. పెట్రోలుందా నాయనా?"

"రెండు లీటర్లుందమ్మా."

"ఉందనుకుంటున్నావా, ఉందా?"

"ఉందమ్మా. సారూ నేనూ పోసి చూశాం."

ఆమె కళ్ళు మూసుకుని వెనక్కి వాలారు. నాకు భయం పోలేదు. కానీ ఆ భయంలోనూ నిలబడడానికి నా కాళ్ళ కింద రెండు లీటర్ల నేల ఉంది. ఆ రెండు లీటర్లతోనే ఇల్లు చేరాం.

ఏడాదికొకసారి నేను ట్యాంకు పూర్తిగా ఖాళీ చేస్తాను. ఈ ఉదయం కూడా చేశాను. పార్వతమ్మ గారు కర్ర పట్టుకుని గేటు దగ్గర తొందరపెడుతూనే ఉన్నారు. తాళం తిప్పాను. ముల్లు కాస్త వణికి, అడుగు గీత మీదే ఉండిపోయింది. అప్పుడు గానీ పెట్రోలు తిరిగి పోయడానికి క్యాను మూత తీయలేదు.