రుద్రంగి దారిలో తొడుక్కున్న గౌను

కోరుట్లలో బస్సెక్కినప్పుడు మా వరసలో ఉన్నవి: నేను, నా సంచి, కిటికీ పక్క సీట్లో ఒక గౌను. విశాఖలో డిజైనర్‌గా ఉన్న స్నేహితురాలు సిరిసిల్ల ప్రదర్శనలో పెట్టమని నాకిచ్చింది. రాగితీగల చట్రం, పాలిథిన్ ఈకలు, భుజాల మీద గొడుగు పుల్లలు. దాని పేరు ‘తొడుక్కునే కళ’. మెడ దగ్గర ‘ఎవరూ తొడగవద్దు’ అని చీటీ. ఒక్క పుల్ల వంగినా ప్రదర్శనలోకి రానివ్వరని మరీమరీ చెప్పింది.

రుద్రంగిలో ఒక ముసలమ్మ ఎక్కింది. బస్సు కిక్కిరిసి ఉంది.

“కొడుకా, గా సీట్ల ఏందది?”

“కళాఖండం, అవ్వా. తొడుక్కునే కళ.”

“తొడుక్కునేదైతే తొడుక్కో మరి. నా మోకాళ్లు గుంజుతున్నయి.”

చీటీ జేబులో పెట్టి, గౌను తొడుక్కుని నిలబడ్డాను. అందరూ నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. వేములవాడ గుడిలో మొక్కుగా కోడెను కట్టడానికి, నిలువెత్తు బెల్లం తూచి ఇవ్వడానికి వెళ్లేవాళ్లతో నిండిన బస్సు అది.

“ఏం మొక్కుకున్నవ్ కొడుకా?” సీట్లో సర్దుకుంటూ అవ్వ అడిగింది.

“మొక్కు కాదవ్వా, కళ.”

“చెప్పకు తియ్, చెప్తె ఫలం పోతది.” వెనక్కి తిరిగి కేకేసింది: “జర జరుగుండ్రి! పిలగాని మొక్కు ఇరుగుతది!”

అంతా జరిగారు. నా చుట్టూ ఒక మనిషి నిలబడేంత ఖాళీ ఏర్పడింది. సిరిసిల్ల చేరేదాకా ఒక్క పుల్లా వంగలేదు.

ప్రదర్శనలో ఆ గౌను చూసినవారు ఏడుగురు, నిర్వాహకులతో కలిపి. వేములవాడలో దిగుతూ దానికి దండం పెట్టినవారు పదకొండు మంది.